ప్రోగ్రామ్ నుంచి సర్వర్‌కి ఫైలు పంపాలి: మల్టీపార్టా, పుట్ రిక్వెస్టా, ఎస్‌ఎఫ్‌టీపీనా, ముక్కలుగానా?

ప్రోగ్రామ్‌లోంచి వెబ్ సర్వర్‌కి ఫైలు పంపాలనగానే చాలామంది ముందు చూసేది తమ భాషలో ఏ లైబ్రరీ ఉంది, ఎన్ని లైన్లలో పనైపోతుంది అని. నన్నడిగితే అది ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి. పైథాన్ అయినా, సీ షార్ప్ అయినా, జావా అయినా పంపే కోడ్ పెద్దగా ఏమీ ఉండదు. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. అవతలి సర్వర్ మన చేతిలో ఉందా లేదా? ఫైలు సగం వెళ్లాక లైను తెగితే మనమేం చేస్తాం? మొదటి ప్రశ్న అందరికీ తడుతుంది. రెండోది మాత్రం మొదటిసారి తెగేదాకా ఎవరికీ గుర్తు రాదు. కానీ ఈ పద్ధతుల మధ్య అసలు తేడా అంతా అక్కడే ఉంది.

సర్వర్ మనది కాకపోతే

అప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు. వాళ్ల ఏపీఐ (ప్రోగ్రామ్‌లు సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) డాక్యుమెంటేషన్‌లో ఏముంటే అదే చేయాలి. వాళ్లు మల్టీపార్ట్ అడిగితే మల్టీపార్ట్, ఎస్‌ఎఫ్‌టీపీ ఖాతా ఇస్తే ఎస్‌ఎఫ్‌టీపీ. ఇవేమిటో కింద ఒక్కొక్కటిగా చూద్దాం.

అయితే కోడ్ మొదలుపెట్టే ముందు కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో ఒక చిన్న ఫైలు పంపి చూడండి. కర్ల్‌తో వెళ్లి మీ ప్రోగ్రామ్‌తో వెళ్లకపోతే తప్పు మీ కోడ్‌లో ఉంది. కర్ల్‌తోనూ వెళ్లకపోతే టోకెన్‌లోనో, యూఆర్‌ఎల్‌లోనో, అవతలివాళ్ల సెట్టింగుల్లోనో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం రోజు ఆదా అవుతుంది. కర్ల్‌లో మైనస్ క్యాపిటల్ ఎఫ్ పెడితే మల్టీపార్ట్ పోస్ట్ వెళ్తుంది, మైనస్ క్యాపిటల్ టీ పెడితే పుట్ వెళ్తుంది, డేటా-బైనరీ అంటే ఫైలు ఉన్నదున్నట్టు పోస్ట్ బాడీలో (రిక్వెస్టులో డేటా ఉండే భాగం) వెళ్తుంది. మామూలు చిన్న డి జోలికి మాత్రం పోకండి. ఫైలు నుంచి చదివేటప్పుడు అది లైన్ బ్రేకులన్నీ తీసేసి పంపుతుంది. టెక్స్ట్ ఫైలైతే ఒకే లైనుగా మారుతుంది, ఫొటో అయితే పాడైపోతుంది. సర్వర్ మాత్రం 200 ఓకే, అంటే అంతా బాగుంది అనే అంటుంది.

మల్టీపార్ట్ పోస్ట్: అందరికీ అర్థమయ్యే దారి

బ్రౌజర్ ఫారంలో ఫైలు ఎంచుకుని సబ్మిట్ నొక్కితే జరిగేది ఇదే. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంతో మొదలైంది, ఇప్పుడు చూడాల్సిన నిర్వచనం 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7578. ఇన్నేళ్లుగా ఉండటంతో దీన్ని అర్థం చేసుకోని వెబ్ ఫ్రేమ్‌వర్క్ దాదాపు లేదు. ఫైలుతోపాటు పేరు, తేదీ, వర్గం లాంటి ఫీల్డులు ఒకే రిక్వెస్టులో వెళ్లాలన్నా, అదే చిరునామాకి బ్రౌజర్ ఫారం కూడా పంపుతుందన్నా ఇదే తీసుకోండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

లోపల ఎలా ఉంటుందో ఒకసారి కళ్లారా చూస్తే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. కంటెంట్-టైప్ హెడర్‌లో (హెడర్ అంటే బాడీకి ముందు వెళ్లే వివరాల లైను) మల్టీపార్ట్ ఫామ్-డేటా అన్న మాట పక్కన బౌండరీ అని ఒక గజిబిజి అక్షరాల వరస ఉంటుంది. బాడీలో రెండు హైఫన్లు, వాటికి అంటుకుని ఆ బౌండరీ. కింది లైన్లో కంటెంట్-డిస్పోజిషన్, అందులో ఫీల్డు పేరు, ఫైలు పేరు. ఆ కింద ఫైలు రకం. తర్వాత ఒక ఖాళీ లైను. ఆపైన ఫైలు బైట్లు. అన్నీ అయ్యాక మళ్లీ బౌండరీ, ఈసారి దాని చివర కూడా రెండు హైఫన్లు. ఈ బాడీని చేత్తో పేర్చే కోడ్ ఇంటర్నెట్ నిండా ఉంది. ఆఖరి రెండు హైఫన్లు మరిచారా, సర్వర్ ఇంకా ఏదో వస్తుందని చూస్తూ చివరికి బాడీ అసంపూర్తిగా ఉందని తిప్పి కొడుతుంది. కాబట్టి చేత్తో పేర్చకండి, లైబ్రరీకి వదిలేయండి.

లైబ్రరీ వాడుతూ కూడా చేసే తప్పు ఒకటుంది. కంటెంట్-టైప్ హెడర్‌ని మనమే మల్టీపార్ట్ ఫామ్-డేటా అని రాసేయడం. అలా రాస్తే లైబ్రరీ పెట్టాల్సిన బౌండరీ హెడర్‌లోంచి ఎగిరిపోతుంది. బాడీలో బౌండరీ ఉంది, అదేమిటో సర్వర్‌కి తెలియదు. ఫైలే రాలేదని చెబుతుంది. ఆ హెడర్ లైను తీసేస్తే అంతా సర్దుకుంటుంది. ఇంకొకటి, ఫీల్డు పేరు. సర్వర్ ఒక పేరుతో ఎదురుచూస్తుంటే మీరు మరో పేరుతో పంపితే వచ్చే ఎర్రర్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది.

భాషలవారీగా చూస్తే, సీ షార్ప్‌లో పాత వెబ్‌క్లయింట్‌లోని అప్‌లోడ్‌ఫైల్ ఒక్క లైనులో పనిచేసేది, కానీ డాట్‌నెట్ 6 నుంచి దాన్ని వాడొద్దని కంపైలరే హెచ్చరిస్తుంది. కొత్త కోడ్‌కి హెచ్‌టీటీపీక్లయింట్, దాంతో మల్టీపార్ట్‌ఫామ్‌డేటాకంటెంట్. జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్‌లో మల్టీపార్ట్ కట్టే సౌకర్యం అసలు లేదు, వేరే లైబ్రరీ తెచ్చుకోవాలి. పైథాన్ రిక్వెస్ట్స్‌లో ఫైల్స్ అన్న ఆర్గ్యుమెంటు హాయిగా ఉంటుంది గానీ, మొత్తం బాడీని ముందు మెమరీలో కట్టి ఆ తర్వాతే పంపుతుంది. 3 ఎంబీ ఫొటోకి ఇబ్బంది లేదు. 3 జీబీ వీడియోకి మీ ప్రాసెస్ ఊపిరాడక చస్తుంది. అలాంటప్పుడు రిక్వెస్ట్స్-టూల్‌బెల్ట్‌లోని మల్టీపార్ట్ఎన్‌కోడర్ వాడితే కొంచెం కొంచెంగా చదువుతూ పంపుతుంది.

పుట్: సర్వర్ మీదే అయితే నా ఓటు దీనికే

పుట్ పద్ధతిలో ఫైలు బైట్లు నేరుగా బాడీలో వెళ్తాయి. బౌండరీ లేదు, ఫీల్డు పేర్లు లేవు. ఫైలు ఎక్కడ ఉండాలో యూఆర్‌ఎల్లే చెబుతుంది. సర్వర్ వైపు కూడా వచ్చిన స్ట్రీమ్‌ని వచ్చినట్టే డిస్కులోకి రాసుకుంటుంది. రెండు వైపులా మెమరీ పెరగదు. ఫైలుతోపాటు వేరే వివరాలు పంపాలంటే ముందుగా ఒక చిన్న జేసన్ (వివరాలని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) రిక్వెస్టు పంపి ఐడీ తీసుకుని, ఆ ఐడీకి ఫైలుని పుట్ చేయండి.

అన్నిటికంటే పెద్ద లాభం తెగినప్పుడు తెలుస్తుంది. ఫైలంతా వెళ్లింది, జవాబు వచ్చేలోపు నెట్‌వర్క్ పోయింది అనుకోండి. సర్వర్‌కి అందిందో లేదో మీ ప్రోగ్రామ్‌కి తెలియదు. పోస్ట్ అయితే మళ్లీ పంపాలా వద్దా అన్నది జూదమే. పంపితే రెండు కాపీలు పడొచ్చు, పంపకపోతే ఒక్కటీ లేకపోవచ్చు. పుట్‌కి హెచ్‌టీటీపీ నియమం ప్రకారమే ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే ఉండాలి. ధైర్యంగా మళ్లీ పంపేయొచ్చు. పోస్టే వాడక తప్పకపోతే ప్రతి అప్‌లోడ్‌కీ మీరే ఒక ప్రత్యేకమైన కీ తయారుచేసి హెడర్‌లో పంపండి. అదే కీ రెండోసారి వస్తే కొత్త కాపీ చేయొద్దని సర్వర్‌కి నేర్పండి.

మళ్లీ పంపడంలో ఒక గుంట ఉంది, చూసుకోండి. మొదటి ప్రయత్నంలో ఫైలంతా చదివేశాక ఫైల్ పాయింటర్ చివర్లో నిలబడి ఉంటుంది. దాన్ని మొదటికి తేకుండా అదే ఫైల్ ఆబ్జెక్టుని రెండోసారి పంపితే వెళ్లేది సున్నా బైట్లు. సర్వర్ దాన్ని కూడా సంతోషంగా తీసుకుని, అంతకుముందు సరిగ్గా పడిన ఫైలు మీద ఖాళీ ఫైలు రాసేస్తుంది. రీట్రై లూప్‌లో ఫైలుని ప్రతిసారీ కొత్తగా తెరవడమే సురక్షితం.

బేస్64 చేసి జేసన్‌లో పెట్టడం

అంటే ఫైలు బైట్లని మామూలు అక్షరాలుగా మార్చి పంపడం. ఇది సోమరిదారి, అందుకే అంతటా కనిపిస్తుంది. ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి, అంటే ఫైలు మూడో వంతు ఉబ్బుతుంది. పైగా జేసన్ మొత్తం వచ్చేదాకా సర్వర్ దాన్ని విప్పలేదు కాబట్టి అంతా మెమరీలోనే కూర్చుంటుంది. సంతకం బొమ్మ, చిన్న ఐకాన్ లాంటివాటికి ఫర్వాలేదు. కొన్ని వందల కేబీలు దాటితే వద్దు.

ఎఫ్‌టీపీ, ఎఫ్‌టీపీఎస్, ఎస్‌ఎఫ్‌టీపీ

పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకే కుటుంబం అనుకోకండి. ఎఫ్‌టీపీ 1971 నాటిది, 1985లో ఆర్‌ఎఫ్‌సీ 959గా ఇప్పటి రూపానికి వచ్చింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఫైలు అన్నీ దాపరికం లేకుండా వెళ్తాయి. ఆదేశాలకి ఒక కనెక్షన్, డేటాకి ఇంకొకటి కావడంతో ఫైర్‌వాల్ దగ్గర తరచూ తంటాలే. లాగిన్ అవుతుంది, ఫైలు పంపబోతే బిగుసుకుపోతుంది. అలా జరిగితే ముందు పాసివ్ మోడ్ (డేటా కనెక్షన్‌ని కూడా మన వైపునుంచే తెరవడం) పెట్టి చూడండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లోనే దీన్ని తీసేశాయి. కొత్తగా కడుతున్న దేనికీ ఎఫ్‌టీపీ వద్దు. అదే ఎఫ్‌టీపీకి టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ తొడిగితే ఎఫ్‌టీపీఎస్. పాస్‌వర్డ్ దాగుతుంది, రెండు కనెక్షన్ల తలనొప్పి అలాగే ఉంటుంది.

ఎస్‌ఎఫ్‌టీపీ పూర్తిగా వేరు. అది ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌కి భద్రంగా లాగిన్ అయ్యే ప్రొటోకాల్) లోపల, ఒకే కనెక్షన్ మీద, మామూలుగా 22వ పోర్టులో నడుస్తుంది. పాస్‌వర్డ్ బదులు కీ పెట్టుకోవచ్చు. రాత్రిపూట తనంతట తాను నడిచే పని ఒకటి రోజూ నివేదికల ఫైళ్లు మరో సంస్థ సర్వర్‌లో వేయాలంటే ఇది చక్కగా సరిపోతుంది. అవతలివాళ్లు వెబ్ అప్లికేషన్ రాయక్కర్లేదు, ఖాతా ఒకటి ఇస్తే చాలు.

లోటు ఏమిటంటే, ఎస్‌ఎఫ్‌టీపీ ఫైలుని ఒక ఫోల్డర్లో పడేసి ఊరుకుంటుంది. ఫైలు సరైనదేనా, అందులోని డేటా పనికొస్తుందా అన్న జవాబు అక్కడికక్కడే రాదు. హెచ్‌టీటీపీలో అయితే తప్పుగా ఉంటే సర్వర్ వెంటనే 400 (రిక్వెస్టు తప్పు) అని, కారణం కూడా చెప్పగలదు. రెండో లోటు, అవతల ఫోల్డర్‌ని కాపలా కాసే ప్రోగ్రామ్ సగం వచ్చిన ఫైలుని పూర్తయిందనుకుని ఎత్తుకుపోవచ్చు. దీనికి విరుగుడు పాతదే, ఇప్పటికీ పనిచేస్తుంది. చివర డాట్ పార్ట్ తగిలించిన పేరుతో పంపండి, పూర్తయ్యాక అసలు పేరుకి రీనేమ్ చేయండి. డాట్ పార్ట్ ఉన్నవాటిని ముట్టుకోవద్దని అవతలివాళ్లకి ముందే చెప్పండి.

పైథాన్‌లో పారామికో అనే ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీ వాడేవాళ్లకి ఒక మాట. ఆటోయాడ్‌పాలసీ అన్న లైను ప్రతి ఉదాహరణలోనూ ఉంటుంది, అందరూ కాపీ చేసుకుంటారు. అవతలున్నది ఏ సర్వరైనా సరే, కొత్తదైతే నమ్మేయ్ అని దాని అర్థం. సర్వర్ హోస్ట్ కీని, అంటే దాని గుర్తింపుని, ముందుగా తెచ్చుకుని మీ నోన్ హోస్ట్స్ ఫైల్లో పెట్టుకుంటే ఆ లైను అవసరమే ఉండదు.

ఒక ఫైలు కాదు, ఫోల్డరంతా సర్వర్‌తో సమానంగా ఉంచాలి, రోజూ అందులో కొంచెమే మారుతుంది అంటే వీటన్నిటినీ పక్కన పెట్టి ఆర్‌సింక్ వాడండి. మారిన భాగాలనే పంపుతుంది.

పెద్ద ఫైళ్లు: ముక్కలు చేయక తప్పదు

ఏ సైజు నుంచి పెద్దది అనాలి? నా లెక్క సులువు. మళ్లీ మొదట్నుంచి పంపాలంటే వాడేవాళ్లకి ఒళ్లు మండే సైజు ఏదైతే అది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో 1 జీబీ కూడా చిన్నదే. కదులుతున్న ఫోన్ మీద 50 ఎంబీ పెద్దదే. ఇంటర్నెట్ మీద 100 ఎంబీ దాటితే నేను ఇక ఒక్క రిక్వెస్టుతో పంపను.

ఆగినచోటి నుంచి కొనసాగించడానికి టస్ అనే ఓపెన్ ప్రొటోకాల్ ఉంది. 4 జీబీ వీడియో పంపుతున్నారనుకోండి. మొదట ఒక ఖాళీ పోస్ట్ వెళ్తుంది, అందులో అప్‌లోడ్-లెంత్ హెడర్‌లో మొత్తం సైజు. సర్వర్ 201 ఇచ్చి, లొకేషన్ హెడర్‌లో ఆ అప్‌లోడ్‌కి ఒక చిరునామా ఇస్తుంది. ఆ చిరునామాకి ప్యాచ్ రిక్వెస్టుతో, అప్‌లోడ్-ఆఫ్‌సెట్ 0 అని చెబుతూ బైట్లు పంపడం మొదలుపెడతారు. మధ్యలో లైను తెగింది. తిరిగి వచ్చాక హెడ్ రిక్వెస్టు పంపి ఎంతవరకు వచ్చిందని అడిగితే, అప్‌లోడ్-ఆఫ్‌సెట్ 1835008000 అని జవాబు. అంటే 1,750 ఎంబీ చేరింది. అక్కణ్నుంచి ప్యాచ్ మొదలు. మీరు చెప్పిన ఆఫ్‌సెట్, సర్వర్ దగ్గరున్నది కలవకపోతే 409 వస్తుంది, ఫైలు పాడవదు. చేరిందెంతో పంపేవాడు ఊహించడు, సర్వర్‌నే అడుగుతాడు. సొంతంగా ముక్కల పద్ధతి రాసుకునేవాళ్లు ఈ హెడ్ అడగడాన్నే వదిలేస్తుంటారు, తర్వాత ఏడుస్తారు. జావాస్క్రిప్ట్, జావా, పైథాన్, గో భాషలకి టస్ లైబ్రరీలు తయారుగా ఉన్నాయి కాబట్టి సొంతంగా రాయాల్సిన పనీ లేదు.

హెచ్‌టీటీపీ 1.1లోని చంక్‌డ్ ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్‌ని దీంతో కలిపేసుకోకండి. అది సైజు ముందే తెలియనప్పుడు ఒకే రిక్వెస్టులో కొంచెం కొంచెంగా పంపడం. తెగితే అంతా పోయినట్టే.

ఫైళ్లు చివరికి అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కే (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే సేవ) చేరాలంటే, మీ సర్వర్ మధ్యలో కూలిగా మోయడం దండగ. సర్వర్ ఒక ప్రీసైన్డ్ యూఆర్‌ఎల్ (కొంతసేపే పనిచేసే అనుమతి ఉన్న లింకు) తయారుచేసి ప్రోగ్రామ్‌కి ఇస్తే, ప్రోగ్రామ్ నేరుగా స్టోరేజ్‌కే పుట్ చేస్తుంది. రహస్య కీలు సర్వర్ దాటి బయటకి రావు. ఆ యూఆర్‌ఎల్ గడువు గరిష్ఠంగా 7 రోజులు, కానీ కొన్ని నిమిషాలు ఇస్తే చాలు. ఎస్3లో ఒక్క పుట్‌తో 5 జీబీ దాకా వెళ్తుంది, ఆపైన వాళ్ల మల్టీపార్ట్ అప్‌లోడే గతి. పైన చెప్పిన ఫారం మల్టీపార్ట్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇందులో చివరిది తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి, మొత్తం 10,000 ముక్కలు దాటకూడదు. అంటే 100 జీబీ ఫైలుకి 5 ఎంబీ ముక్కలు చాలవు, 10 ఎంబీ పైనే పెట్టాలి. సగంలో వదిలేసిన అప్‌లోడ్‌ల ముక్కలు కంటికి కనిపించకుండా అక్కడే ఉండిపోయి బిల్లులో మాత్రం కనిపిస్తాయి. కొన్ని రోజుల తర్వాత వాటిని చెరిపేసే లైఫ్‌సైకిల్ నియమం మొదటి రోజే పెట్టండి.

ఏది ఎంచుకున్నా దారిలో తగిలేవి

మీ కంప్యూటర్లో బాగా పనిచేసి అసలు సర్వర్ మీద 413 (బాడీ మరీ పెద్దది) వస్తే కోడ్ వెతక్కండి, పరిమితులు వెతకండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఏమీ మార్చకపోతే 1 ఎంబీ దాటిన బాడీని తీసుకోదు. పీహెచ్‌పీలో ఒక్కో ఫైలుకి 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కి 8 ఎంబీ. రెండూ పెంచాలి, ఒకటి పెంచి రెండోది మరిస్తే ఫలితం ఉండదు. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో 3 కోట్ల బైట్లు, దాటితే 413 బదులు 404.13 వస్తుంది. చిరునామా తప్పేమోనని గంటలు వెతికించే రకం ఇది. మీ సర్వర్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ సేవ మధ్యవర్తిగా ఉంటే, ఉచిత ప్లాన్‌లో ఒక రిక్వెస్టు 100 ఎంబీ మించకూడదు. మధ్యలో ఎన్ని అంచెలుంటే అన్నిచోట్లా చూడాలి.

టైమౌట్ ఇంకో శత్రువు. సీ షార్ప్ హెచ్‌టీటీపీక్లయింట్ ఏమీ చెప్పకపోతే 100 సెకన్లకి ఆపేస్తుంది. సెకనుకి 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంలో 100 సెకన్లలో వెళ్లేది 125 ఎంబీ. కాబట్టి 200 ఎంబీ ఫైలు ఎన్నిసార్లు పంపినా దాదాపు ఒకేచోట ఆగుతుంది, మనం నెట్‌వర్క్‌ని తిడుతూ కూర్చుంటాం. పైథాన్ రిక్వెస్ట్స్ దీనికి తలకిందులు. టైమౌట్ చెప్పకపోతే జవాబు కోసం ఎన్నాళ్లైనా ఎదురుచూస్తుంది. రెండింటిలోనూ మీరే ఒక అంకె పెట్టండి.

రీడైరెక్ట్ సంగతి అన్నిటికంటే మాయదారిది. సెట్టింగ్‌లో చిరునామా హెచ్‌టీటీపీ అని ఉంది, సర్వర్ 301తో హెచ్‌టీటీపీఎస్‌కి పంపించింది. చాలా క్లయింట్లు 301, 302 చూడగానే పోస్ట్‌ని గెట్‌గా మార్చేసి, బాడీని వదిలేసి కొత్త చిరునామాకి వెళ్తాయి. అక్కడ ఏదో పేజీ దొరికి 200 వస్తుంది. ప్రోగ్రామ్ విజయం అని రాసుకుంటుంది, ఫైలు ఎక్కడా ఉండదు. మీ సర్వర్ అయితే 307 లేదా 308 వాడండి, అవి పద్ధతినీ బాడీనీ మార్చనివ్వవు. ప్రోగ్రామ్ వైపు అప్‌లోడ్‌కి రీడైరెక్ట్‌లని అనుసరించడం ఆపేసి, 3తో మొదలయ్యే ఏ కోడ్ వచ్చినా ఎర్రర్‌గా చూపించండి.

అందుకే 200 ఒక్కదాన్నీ నమ్మకండి. పంపేముందు ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకి వేలిముద్ర లాంటిది) లెక్కించండి. సర్వర్ తనకి అందిన ఫైలుకి లెక్కించి జవాబులో పంపాలి, రెండూ పోల్చాలి. సర్వర్ మీది కాకపోతే కనీసం వాళ్ల జవాబులో సైజో, ఫైలు ఐడీయో ఉందేమో చూసి సరిచూసుకోండి.

ఇక తెలుగులో పేరున్న ఫైళ్లు. మల్టీపార్ట్‌లో ఫైలు పేరుని ఒక్కో లైబ్రరీ ఒక్కోలా రాస్తుంది. కొన్ని యూటీఎఫ్-8 బైట్లు నేరుగా పెడతాయి, కొన్ని ఫైల్‌నేమ్ పక్కన స్టార్ పెట్టి ఎన్‌కోడ్ చేస్తాయి. రెండోది ఇక్కడ వాడకూడదని ఆర్‌ఎఫ్‌సీ 7578 స్పష్టంగానే అంటోంది, అయినా తగులుతూనే ఉంటుంది. అవతల తెరిచి చూస్తే పేరు స్థానంలో ప్రశ్నార్థకాలు. నేనైతే అసలు పేరుని విడిగా ఒక టెక్స్ట్ ఫీల్డులోనో జేసన్‌లోనో పంపి, ఫైల్‌నేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాల మామూలు పేరు ఏదో ఒకటి పెడతాను. సర్వర్ వైపు డిస్కు మీద ఐడీతోనే దాచి, అసలు పేరు డేటాబేస్‌లో ఉంచితే మరో లాభం కూడా ఉంది. పేరులో చుక్కలు, స్లాష్‌లు కలిపి పంపి మీ ఫోల్డర్ దాటి రాయించాలని ఎవరైనా చూసినా, ఆ పేరు డిస్కు దాకా చేరనే చేరదు.